పేరు మార్చిన తరువాతే హింసించారు: సయాం రైలు మార్గంపై యుద్ధఖైదీలు, తోట కూలీలు

వంశధార:
మా నాయనమ్మ రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మలయా నుంచి శ్రీకాకుళం దగ్గరి మా ఊరికి ఒంటరిగా తిరిగివచ్చింది. పెరాక్ ప్రాంతంలోని ఒక కొబ్బరి తోటలో ఆమె, తాతయ్య ఇద్దరూ పనిచేసేవారు. 1943లో తాతయ్య ‘సయాం పోయాడు’. అంటే, థాయిలాండ్‌లో జపాను సైన్యం వేయిస్తున్న రైలు మార్గం పనికి అన్నమాట. మా ఇంట్లో ఆ రెండు మాటలకు ఎవరూ వివరణ అడిగేవారు కారు. పెద్దవాళ్ళు ఆ మాట అన్నాక కాసేపు మౌనంగా ఉండిపోయే తీరును బట్టి అది తిరిగిరాని ప్రయాణమని పిల్లలం గ్రహించాం.

పోయిన డిసెంబరులో థాయిలాండ్‌లోని కాంచనబురికి వెళ్ళాను. అక్కడి యుద్ధ శ్మశానవాటికలో దాదాపు 7,000 సమాధులున్నాయి. ఆ మార్గం పనిలో చనిపోయిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్చి యుద్ధఖైదీలవి. గడ్డి సమానంగా కత్తిరించి, ప్రతి రాతి ముందు ఒక చిన్న పూలమొక్క నాటి, పేరు, పటాలం, వయసు చెక్కి, ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారో చెప్పలేను. రెండు గంటలు నడిచాను. మా తాతయ్యలాంటి వారి పేరు ఒక్కటీ లేదు; ఉండదని ముందే తెలిసినా, వెతక్కుండా ఉండలేకపోయాను.

నా ప్రశ్న ఇది. అడవి ఒకటే, కాపలావాళ్ళు ఒకరే, కలరా ఒకటే. అయినా ఒకరికి పేరుతో సమాధి, మరొకరికి పేరులేని గుంట ఎందుకు దక్కాయి? మా తాతయ్య కూలీ కాక, పట్టుబడిన సిపాయి అయివుంటే బతికేవాడా?

చరిత్ర పాఠం:
వంశధార గారూ, మీ ప్రశ్నకు ముందు ఆ మార్గం ఎందుకు పుట్టిందో చెప్పుకోవాలి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. ఆ జూన్‌లో మిడ్‌వే దగ్గర జపాను నౌకాదళం దెబ్బతిన్నది. అప్పటినుంచి బర్మాలోని తన సైన్యానికి సముద్రం మీదుగా సరుకు పంపడం జపానుకు ప్రమాదకరమైపోయింది. అందుకని థాయిలాండ్‌లోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని థాన్‌బ్యుజయాత్ దాకా కొండలు, అడవులు చీల్చుకుంటూ 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయాలని నిర్ణయించారు. రెండు వైపుల నుంచీ వచ్చిన పట్టాలు 1943 అక్టోబరు 17న కలిశాయి. అంటే, గునపాలు, పారలు, వెదురు తట్టలతో, ఏడాది పైచిలుకు కాలంలో పూర్తిచేశారు.

దీనికోసం 60,000కు పైగా మిత్రపక్షాల యుద్ధఖైదీలను తెచ్చారు. వారిలో 12,000 మందికి పైగా చనిపోయారు. మలయా, బర్మా, జావా ప్రాంతాల నుంచి తెచ్చిన ఆసియా కూలీలు సుమారు 1,80,000 మంది అని, అంతకు మించి కూడా అని చెబుతారు. వారిలో దాదాపు 90,000 మంది చనిపోయారని అంచనా. నా మాటల్లో ఒకచోట ‘చనిపోయారు’ అనీ, మరోచోట ‘అంచనా’ అనీ వచ్చిందని గమనించండి. ఖైదీల లెక్క వారి సొంత అధికారులు రహస్యంగా రాసి, సీసాల్లోనూ సమాధుల్లోనూ దాచి కాపాడినది. కూలీల లెక్క రాసిన నాథుడే లేడు. మలయా నుంచి వెళ్ళిన కూలీల్లో ఎక్కువమంది తమిళులు, వారితోపాటు తోటల్లో ఉన్న తెలుగువారు కూడా వెళ్ళారు. మూడు నెలల పని, రోజుకు ఒక డాలరు కూలి అని మొదట ఆశ చూపించారు. వెళ్ళినవారు తిరిగిరాకపోవడంతో కొత్తవారు ముందుకు రాలేదు. అప్పుడు తోటల మీద పడి, దారిలో కనబడ్డవారిని పట్టుకుపోయారు.

శాసనం:
నేను న్యాయశాస్త్రం బోధిస్తాను. వంశధార గారి ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఒక్కటే: యుద్ధఖైదీని హింసించే ముందు అతనికి ‘యుద్ధఖైదీ’ అన్న పేరు లేకుండా చేస్తారు. కొరడా ఆ తరువాత వస్తుంది.

యుద్ధఖైదీలను ఎలా చూడాలో చెప్పే 1929 జెనీవా ఒప్పందం మీద జపాను సంతకం చేసింది కానీ దానిని ఆమోదించలేదు. 1942 మొదట్లో మిత్రదేశాలు అడిగినప్పుడు, అవసరమైన మార్పులతో పాటిస్తామని తటస్థ దేశాల ద్వారా కబురు పంపింది. ఆ ‘మార్పులు’ ఏమిటో శిబిరాల్లో తెలిసింది. ఖైదీల చేత యుద్ధ కార్యకలాపాలతో నేరుగా సంబంధమున్న పని చేయించకూడదని ఆ ఒప్పందంలో స్పష్టంగా ఉంది. సయాం రైలు మార్గం మొత్తం యుద్ధ సరఫరా కోసమే. తప్పించుకోబోయి దొరికిన ఖైదీకి క్రమశిక్షణ పరమైన చిన్న శిక్ష మాత్రమే వేయాలని ఉంది.

దీనికి సింగపూరులోని సెలరాంగ్ బారకాసుల (సైనికుల వసతిగృహాల) ఉదంతం కంటే మంచి ఉదాహరణ లేదు. 1942 ఆగస్టు చివర, తప్పించుకోబోమని రాసిన పత్రం మీద సింగపూరులోని చాంగీ శిబిరపు ఖైదీలందరినీ సంతకం చేయమన్నారు. వారు నిరాకరించారు. సుమారు 1,000 మందికి కట్టిన బారకాసుల్లోకి 15,000కు పైగా మనుషులను తోసి, ఒకటి రెండు కుళాయిల నీళ్ళతో సరిపెట్టి, మరుగుదొడ్లకోసం కవాతు మైదానాన్నే తవ్వుకునే దుస్థితికి తెచ్చారు. సెప్టెంబరు 2న, తప్పించుకోబోయి దొరికిన నలుగురు ఖైదీలను సముద్రపుటొడ్డున కాల్చిచంపి, ఖైదీల పై అధికారులకు బలవంతంగా చూపించారు. జిగట విరేచనాలు వ్యాపిస్తూ, ఇక ఆలస్యం చేస్తే వందలమంది పోతారని తేలాక, ఒత్తిడి కింద పెట్టిన సంతకానికి విలువ లేదని చెప్పి, సంతకం చేయమని వారి అధికారే ఆదేశించాడు. యుద్ధం తరువాత, ఆ కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన జపాను జనరల్ ఫుకుయేకు 1946లో మరణశిక్ష అమలైంది.

1949 మూడో జెనీవా ఒప్పందంలోని 7వ అధికరణం చదివినప్పుడల్లా నాకు సెలరాంగ్ గుర్తుకొస్తుంది. ఖైదీ తనకు తానుగా సైతం తన హక్కులను వదులుకోలేడని ఆ అధికరణం చెబుతుంది. ఆకలితో ఉన్నవాడి సంతకం ఎంత తేలికగా దొరుకుతుందో చూసినవారు రాసిన వాక్యం అది.

నల్లమల:
ఈ చర్చలో నాకు ఒక అభ్యంతరం ఉంది. గెలిచినవాళ్ళు రాసిన చరిత్రను మనం మళ్ళీ తెలుగులో వల్లించడం దేనికి? అదే 1943లో బెంగాల్ కరువులో లక్షలమంది చనిపోయారు. ఆ మరణాలకు ఏ న్యాయస్థానమూ ఎవరినీ బోనెక్కించలేదు. మలయా తోటల్లో మనవారిని కంగాణీల (కూలీలను తెచ్చి పనిచేయించే మేస్త్రీల) కింద పెట్టి పీల్చిందీ బ్రిటిష్ దొరలే. పైగా సెలరాంగ్‌లో కాల్పులు జరిపినవారు భారత జాతీయ సైన్యపు కాపలాదారులని కొందరు రాస్తారు. నేతాజీ పేరుకు మచ్చ తేవడానికి ఇలాంటివి ఉపయోగపడతాయన్నదే నా బాధ.

చరిత్ర పాఠం:
నల్లమల గారూ, బెంగాల్ కరువు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అది వేరే చర్చగా ఎవరు మొదలుపెట్టినా నేను ముందుంటాను. అయితే ఒక అన్యాయానికి శిక్ష పడలేదు కనుక మరొక అన్యాయాన్ని ప్రస్తావించవద్దనడం సరికాదు. వంశధార గారి తాతయ్యను కొబ్బరి తోటకు తెచ్చింది బ్రిటిష్ వ్యవస్థ, అడవికి తోలింది జపాను వ్యవస్థ. ఆయన తరఫున ఇద్దరినీ అడగవచ్చు.

సెలరాంగ్ కాల్పులలో తుపాకులు పట్టినవారు చాంగీలో కాపలాకు పెట్టిన జాతీయ సైన్యం మనుషులే. అది దాచవలసిన విషయం కాదు. అది జరిగినది 1942 సెప్టెంబరులో. అప్పటికి ఆ సైన్యం మోహన్‌సింగ్ నాయకత్వంలో అప్పుడే రూపుదిద్దుకుంటోంది. నేతాజీ సింగపూరు వచ్చింది 1943 జూలైలో. ఆ మధ్యకాలంలో మోహన్‌సింగ్‌నే జపాను వారు 1942 డిసెంబరులో నిర్బంధించారు. పట్టుబడినవారిలో కొందరిని మిగిలినవారి మీద కాపలా పెట్టడం, ఆ కాపలావారి చేతనే తుపాకీ పేల్పించడం, ఎవరి చేతికీ నెత్తురు అంటకుండా ఉండనీయకపోవడం ఆ వ్యవస్థ పద్ధతి. రైలు మార్గం మీద ఖైదీలను కొట్టిన కాపలాదారుల్లో చాలామంది కొరియన్లు. వారి దేశమూ జపాను పాలనలోనే ఉంది, వారినీ కొట్టేవారు. యుద్ధం తరువాత 148 మంది కొరియన్లకు యుద్ధనేరాల కింద శిక్షలు పడ్డాయి, 23 మందికి మరణశిక్ష అమలైంది.

పాత పల్టన్:
నేను పదాతిదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఈ చర్చలో ఇంకా ఎవరూ భారత సిపాయిల మాట ఎత్తలేదు కనుక రాస్తున్నాను.

1941 డిసెంబరు 8న జపాను సైన్యం మలయాలోని కోటా బారు తీరంలో దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయానికి కాపలాగా ఉన్నది నిజాం సంస్థానపు 1వ హైదరాబాద్ పదాతి పటాలం. అంటే ఈ కథ మన గడపలోంచే మొదలవుతుంది. సింగపూరు పడిన రెండు రోజులకు, ఫిబ్రవరి 17న, ఫారర్ పార్కులో సుమారు 40,000 మంది భారత సైనికులను తెల్ల అధికారుల నుంచి వేరుచేసి జపానుకు అప్పగించారు. చేరినవారు జాతీయ సైన్యంలో చేరారు. వారిని నేను తప్పుపట్టను. చేరనివారి గురించి మాత్రం మన దగ్గర పుస్తకాలు తక్కువ, పాటలు అసలే లేవు.

చేరని వేలమందిని ఓడల అడుగు అరల్లో కుక్కి ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న న్యూగినీ, న్యూ బ్రిటన్ దీవులకు పంపించారు. మలేరియాతో, బెరిబెరి అనే పోషకాల లోపపు జబ్బుతో, ఆకలితో వారు రాలిపోయారు. న్యూగినీ వైపు వెళ్ళినవారిలో ప్రాణాలతో దొరికినవారు చాలా కొద్దిమంది. వారిలో జమేదార్ చింత్‌సింగ్ తరువాత ఆస్ట్రేలియా యుద్ధనేరాల విచారణలో సాక్ష్యం చెప్పాడు. శాసనం గారు చెప్పిన ‘పేరు మార్చడం’ అక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. నిందితుల తరఫు వాదన ఏమిటంటే, ఆ భారతీయులు యుద్ధఖైదీలు కారు, వారిని ఎప్పుడో విడుదల చేశారు, వారు ఇష్టపూర్వకంగా జపాను సైన్యానికి పనిచేసే కార్మిక దళాలు అని. ఖైదీ అని ఒప్పుకుంటే ఒప్పందం వర్తిస్తుంది. ‘మావాడే’ అంటే చెంపదెబ్బ క్రమశిక్షణ అవుతుంది, తల నరకడం సైనిక శిక్ష అవుతుంది. అన్నం పెట్టకుండానే ఒక మనిషిని తన సైనికుడిగా లెక్కగట్టిన సైన్యాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

విశాఖ వైద్యుడు:
వంశధార గారి రెండో ప్రశ్నకు, అంటే ‘బతికేవాడా’ అన్నదానికి, వైద్యం వైపు నుంచి కొంత చెప్పగలను.

1943 ఏప్రిల్‌లో చాంగీ నుంచి ‘ఎఫ్ దళం’ పేరుతో 7,000 మంది ఖైదీలను పంపారు. మంచి తిండి దొరికే చోటికి, కొండగాలికి వెళ్తున్నారని నమ్మబలికితే, నడవలేని జబ్బు మనుషులను కూడా చేర్చుకుని, ఒక పియానో సైతం వెంట తీసుకువెళ్ళారు. ఇనుప సరుకు పెట్టెల్లో బాన్ పాంగ్‌లో దిగాక, రాత్రిళ్ళు నడుస్తూ దాదాపు 300 కిలోమీటర్లు వర్షాకాలపు బురదలో పోయారు. దారిలోని కూలీల మజిలీల నుంచి కలరా అంటుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ దళంలో 3,000 మందికి పైగా చనిపోయారు. దళంలో సగం ఆస్ట్రేలియన్లు, సగం బ్రిటిష్ వారు. ఆస్ట్రేలియన్లలో చనిపోయినవారు నూటికి 30లోపు. బ్రిటిష్ వారిలో నూటికి 60 దాకా. కాపలావారు ఒకరే, బియ్యమూ ఒకటే. బ్రిటిష్ వారు వెనకపడి నడిచారు, వారిలో జబ్బు మనుషులు ఎక్కువ, వేర్వేరు పటాలాల నుంచి ఏరి కూర్చినవారు. ఆస్ట్రేలియన్లు ఒక్క కట్టుగా ఉండి, నీళ్ళు మరగబెట్టడం, పళ్ళేలు వేడినీటిలో ముంచడం, మరుగుదొడ్డి గుంటలు తవ్వడం ఎంత నీరసంలోనూ వదల్లేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఖైదీలకు సొంత అధికారులు, సొంత వైద్యులు ఉన్నారు. వెదురు గీరుకుపోయిన చిన్న గాయం వారం రోజుల్లో ఎముక కనబడే పుండు అయ్యేది. పదునుపెట్టిన చెంచాతో ఆ కుళ్ళు గీకేవారు, తప్పనప్పుడు రంపంతో కాలు తీసేవారు. కలరా రోగికి, మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి, వెదురు ముక్కను సూదిగా చెక్కి నరంలోకి ఎక్కించారు. డన్‌లప్ వంటి ఆస్ట్రేలియా వైద్యులు, జ్వరంతో ఉన్నవారిని పనికి తోలబోయే కాపలావారికి అడ్డం నిలబడి దెబ్బలు తిన్నారు. బూన్‌పాంగ్ అనే థాయి వర్తకుడు కూరగాయల మధ్య మందులు దాచి శిబిరాలకు చేర్చాడు. జబ్బుపడినవాడికి తిండి తగ్గించాలన్నది శిబిరపు నియమం. పనిచేసేవారు తమ వంతులోంచి పంచి ఆ నియమాన్ని ఓడించారు.

తోట కూలీల మజిలీలో వైద్యుడు లేడు, మాట చెల్లే పెద్ద లేడు, భార్యాబిడ్డలతో వచ్చినవారున్నారు, ఒకరి భాష ఒకరికి రాదు. నీళ్ళు ఎక్కడినుంచి తేవాలో, మలవిసర్జన ఎక్కడ చేయాలో చెప్పే వ్యవస్థ లేదు. పాలిష్ పట్టిన బియ్యం తప్ప మరో తిండి లేదు, అందువల్ల బెరిబెరి. కలరా పడిందంటే పాక మొత్తం ఖాళీ అయ్యేది. కాబట్టి వంశధార గారూ, వైద్యుడిగా నా అంచనా చెబుతున్నాను, మిమ్మల్ని నొప్పించడానికి కాదు: ఈ మార్గం మీది యుద్ధఖైదీల్లో ఒకరై ఉంటే మీ తాతయ్యకు ఐదింట నాలుగు వంతులు బతికే అవకాశం ఉండేది. కూలీగా అది సగమే.

శాసనం:
వైద్యుడు గారి మాటను లెక్కలు బలపరుస్తాయి. యుద్ధం తరువాత జపాను నేతలను విచారించిన టోక్యో న్యాయస్థానం తీర్పు ప్రకారం, జర్మనీ, ఇటలీల చేతికి చిక్కిన అమెరికా, బ్రిటన్ ఖైదీల్లో చనిపోయినవారు నూటికి 4. జపాను చేతికి చిక్కినవారిలో నూటికి 27. దీనిని చూసి జపాను జాతి స్వభావమే క్రూరమని కొందరు తేల్చేస్తారు. ఆ ముగింపు తప్పు. అదే జర్మనీ చేతిలో సుమారు 57 లక్షల సోవియట్ ఖైదీలు పడితే, దాదాపు 33 లక్షల మంది చనిపోయారు. సోవియట్ దేశం 1929 ఒప్పందంలో లేదన్నది సాకు. 1943 సెప్టెంబరులో ఇటలీ పక్షం మారాక, జర్మనీ నిరాయుధులను చేసిన లక్షలమంది ఇటలీ సైనికులకు ‘సైనిక నిర్బంధితులు’ అని కొత్త పేరు పెట్టి, రెడ్‌క్రాస్ కంటపడకుండా కర్మాగారాలకు తోలింది. 2002లో అమెరికా తాలిబన్ ఖైదీలకు యుద్ధఖైదీల హోదా లేదని ప్రకటించింది. తరువాత గ్వాంటనామోలో, ఇరాక్‌లోని అబూ గ్రయిబ్‌లో ఏం జరిగిందో అందరూ ఫోటోలతో సహా చూశారు. జాతులు వేరు, జెండాలు వేరు, మొదటి అడుగు మాత్రం ఒకటే.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ అడుగును చూశాకే 1949 ఒప్పందంలో 5వ అధికరణం చేర్చారు: హోదా మీద సందేహం ఉంటే, సక్రమ న్యాయమండలి తేల్చేదాకా అతడిని యుద్ధఖైదీగానే చూడాలి. 17వ అధికరణం ప్రకారం ఖైదీ తన పేరు, సైనిక ర్యాంకు, పుట్టినతేదీ, సైనిక సంఖ్య చెబితే చాలు. 70వ అధికరణం ప్రకారం శిబిరానికి చేరిన వారంలోగా అతడు ఇంటికి కార్డు రాసే వీలు కల్పించాలి. కార్డు అంటే చిన్న విషయమనిపిస్తుంది. ఆ కార్డు ఇంటికి చేరిందంటే ఆ మనిషి పట్టుకున్నవారి దగ్గర ఉన్నాడని లోకానికి తెలుసు. ఇక అతడిని మాయం చేయడం కష్టం.

నల్లమల:
శాసనం గారి వివరణ నన్ను ఆలోచింపజేసింది. నా ప్రశ్న ఇప్పుడు వేరు. మన దేశం చేతికి ఖైదీలు చిక్కినప్పుడు మనం ఎలా ప్రవర్తించాం?

పాత పల్టన్:
న్యాయమైన ప్రశ్న. 1971 డిసెంబరు 16న ఢాకా లొంగుబాటుతో మన చేతికి చిక్కిన పాకిస్తాన్ వారు, పౌరులతో కలిపి, సుమారు 93,000 మంది. వారిని మన దేశంలోని శిబిరాలకు తెచ్చారు. రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చి చూశారు, ఉత్తరాలు నడిచాయి. సింగపూరు గుర్తున్న పాత అధికారులు ఆనాటికి మన సైన్యంలో ఉన్నారు. పట్టుబడడం అంటే ఏమిటో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే పోరు ఆగాక ఆలస్యం లేకుండా ఖైదీలను పంపేయాలని 118వ అధికరణం చెబుతుంటే, చివరివారు ఇల్లు చేరేసరికి 1974 ఏప్రిల్ వచ్చింది. బంగ్లాదేశ్ సమ్మతి కావాలన్న రాజకీయ కారణం ఉంది, దానిని నేను కొట్టివేయను. కానీ ఆ రెండేళ్ళు ఎదురుచూసిన ఇళ్ళల్లోని ఆడవారికి ఆ కారణం అన్నం పెట్టలేదు.

ఆ యుద్ధంలోనే మనవారు 54 మంది పాకిస్తాన్ చెరలో ఉండిపోయారని వారి కుటుంబాలు ఈనాటికీ నమ్ముతున్నాయి. పాకిస్తాన్ లేరంటుంది. 1999 కార్గిల్‌లో కెప్టెన్ సౌరభ్ కాలియా, ఆయనతో పాటు పట్టుబడిన ఐదుగురు సిపాయిల దేహాలు ఏ స్థితిలో తిరిగివచ్చాయో ఇక్కడ రాయడానికి నా చేయి రాదు. ఆ కొద్ది వారాల్లోనే పట్టుబడిన విమానయోధుడు నచికేత ఎనిమిది రోజుల్లో రెడ్‌క్రాస్ ద్వారా ప్రాణాలతో తిరిగివచ్చాడు. అతడు చిక్కిన సంగతి అప్పటికే ప్రపంచానికి తెలుసు. కాలియా బృందం చిక్కిన సంగతి తెలియదు. శాసనం గారు చెప్పిన కార్డు విలువ నాకు ఈ రెండింటి మధ్య కనబడుతుంది.

వంశధార:
అందరికీ కృతజ్ఞతలు. వైద్యుడు గారూ, మీ మాట నొప్పించలేదు. ఇన్నాళ్ళు మా నాయనమ్మ, ‘ఆయనకు ఒళ్ళు బలం తక్కువ, అందుకే ఓర్చుకోలేకపోయాడు’ అంటూ వచ్చింది. తప్పు ఆయన ఒంట్లో లేదని ఆమె ఉండగా నేను చెప్పగలిగితే బాగుండేది.

భారత సిపాయిల సమాధుల కోసం ఎవరైనా వెతుకుతుంటే ఒక మాట. సమాధి దొరకని సైనికుల పేర్లు సింగపూరులోని క్రాంజీ స్మారకం గోడల మీద ఉన్నాయి. 24,000కు పైగా పేర్లు, వాటిలో భారతీయులవీ ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వారి జాబితాలో పేరు, పటాలం ఇచ్చి వెతకవచ్చు. కూలీలకు అలాంటి జాబితా లేదు. 1990లో కాంచనబురిలో ఒక పొలం తవ్వుతుంటే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒక్కదానికీ పేరు తెలియలేదు.

నాయనమ్మ చెప్పిన పేర్లు మా నాన్న ఒక లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాసిపెట్టాడు. ఒకే తోట నుంచి, ఒకే లారీలో వెళ్ళినవారు పదకొండు మంది. కొందరికి ఇంటిపేరు ఉంది, కొందరికి ఊరి పేరు మాత్రమే, ఒకరికి ‘డప్పు కొట్టేవాడు’ అని మాత్రమే ఉంది. మీలో ఎవరి ఇంట్లోనైనా ‘సయాం పోయాడు’ అన్న మాట ఉంటే, ఏ తోట, ఏ సంవత్సరం అన్నది ఇక్కడ రాయండి. పేర్లు బయట పెట్టనక్కరలేదు, నాకు విడిగా పంపండి. ఆ అట్ట మీద ఇంకా చోటు ఉంది.